వాన తక్కువ ఊళ్లో ఇంటి చుట్టూ మన నేల మొక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం. ఐదు సెంట్ల స్థలంలో ఇల్లు పోను రెండు సెంట్లు మిగిలితే, ఆ చోటంతా ఇక్కడి నేలకు అలవాటైన మొక్కలే పెట్టుకున్నాం. సెప్టెంబరులో తంగేడు విరగబూసినప్పుడు గేటు దగ్గర ఆగి అడిగేవాళ్లుంటారు. ఏప్రిల్‌లో సగం చెట్లు మోడుగా నిలబడ్డప్పుడు జాలిపడి అడిగేవాళ్లూ ఉంటారు. ఇద్దరి ప్రశ్నలూ కలిపి ఇక్కడ రాశాను. కర్నూలు, కడప, మహబూబ్‌నగర్ లాంటి ఎండ ఊళ్లకూ ఇందులో చాలా వరకు పనికొస్తుంది. కోస్తాలో ఉన్నవాళ్లు మాత్రం నీటి లెక్కలు మార్చుకోవాలి.

అసలు మన నేల మొక్క అంటే ఏది? చిన్నప్పటి నుంచి చూస్తున్నవన్నీ మనవే కదా?

కాదు. ఈ మాట చెబితే చాలామంది నొచ్చుకుంటారు. సీతాఫలం, జామ, బొప్పాయి, కాగితం పూలు, గట్ల మీద పెరిగే నాగజెముడు అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. సంక్రాంతి గొబ్బెమ్మల మీద పెట్టే బంతి పువ్వుది కూడా మెక్సికో వైపు పుట్టుక. ఎండాకాలం ఎర్రగా మండే తురాయి మడగాస్కర్ చెట్టు. చింత ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చి మనలో కలిసిపోయింది.

అలాగని వాటిని పీకెయ్యమని నేను చెప్పను. మా పెరట్లోనూ జామ చెట్టుంది, దాని జోలికి వస్తే మా ఆవిడ ఊరుకోదు. నేను చెప్పేది కొత్తగా పెట్టే వాటి గురించి. ఇక్కడి వానకు, ఇక్కడి ఎండకు, ఇక్కడి పురుగులకు, పిట్టలకు వేల ఏళ్లుగా అలవాటు పడ్డ చెట్టుకు మనం చేయాల్సిన చాకిరీ తక్కువ.

జాబితా కావాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, వినాయక చవితి పత్రి చూడండి. మారేడు, రేగు, జమ్మి, వావిలి, మద్ది, రావి, జిల్లేడు, ఉత్తరేణి, వాకుడు, గరిక, విష్ణుక్రాంతం. దానిమ్మ, దేవదారు లాంటివి కొన్ని తీసేస్తే మిగిలిందంతా దాదాపు మన పల్లె పొలిమేరే. ఏటా ఆ పత్రిని బజార్లో కట్టగా కొనుక్కుంటూ, ఇంటి ముందు మాత్రం క్రోటన్లు పెట్టుకుంటున్నాం.

నీళ్లే పోయకుండా బతికే మొక్కలు చెప్పండి.

అన్నిటికన్నా ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇదే. అలాంటి మొక్క ఏదీ లేదు. నీళ్లు పోయకుండా బతికే *చెట్లు* ఉన్నాయి, కానీ అవి అలా కావడానికి మొదటి రెండేళ్లు మీరు నీళ్లు పోయాలి. అడవిలో వేప గింజలు వేలకు వేలు రాలితే చెట్టయ్యేది ఏ ఒక్కటో. మనం పెట్టేదే నాలుగైదు మొక్కలు కాబట్టి ఆ లెక్క ఇంట్లో కుదరదు.

ఎన్ని నీళ్లన్నది కాదు, ఎలా పోశామన్నది ముఖ్యం. మొదటి ఏడాది నేను రోజూ సాయంత్రం పైపు పట్టుకుని ఒక్కో మొక్కకు చెంబెడు చొప్పున పోసేవాణ్ని. పైనున్న రెండంగుళాల మట్టి తడిసేది, వేర్లు ఆ తడి కోసం పైపైనే అల్లుకునేవి. మే నెలలో నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి మూడు కానుగ మొక్కలు పుల్లలయ్యాయి. చేసిన పాపం నాదే.

ఇప్పుడు చేసేది ఇది: మొదటి ఏడాది వారానికి ఒకసారి, ఎండాకాలం రెండుసార్లు, పాదు నిండా 15 నుంచి 20 లీటర్లు నిదానంగా ఇంకేలా పోయడం. తడి లోపలికి దిగుతుంది, దాని వెంట వేరూ దిగుతుంది. రెండో ఏడాది రెండు వారాలకు ఒకసారి. మూడో ఏడాది నుంచి ఏప్రిల్, మే నెలల్లో ఒక్కో తడి ఇస్తే చాలు. ఐదేళ్లు దాటిన వేపకు, కానుగకు నేనేమీ పొయ్యడం లేదు.

రోజూ ఇంట్లో ఉండలేనివాళ్లు కుండ పద్ధతి పట్టుకోవచ్చు. ఎనిమిది, పది లీటర్లు పట్టే, లోపల పూత లేని మట్టి కుండను మొక్కకు అడుగు దూరంలో మూతి దాకా పూడ్చి నీళ్లు నింపి మూత పెట్టాలి. చుట్టూ మట్టి ఆరినప్పుడల్లా కుండ గోడల్లోంచి తడి పీల్చుకుంటుంది, మట్టి తడిగా ఉంటే కుండలో నీళ్లు అలాగే ఉంటాయి. మూత మర్చిపోతే మాత్రం దోమలకు మీరే ఇల్లు కట్టినట్టు.

ఎప్పుడు నాటాలి?

ఉగాదికి నాటకండి. కొత్త ఇంట్లో చేరిన ఉత్సాహంలో అందరూ చేసే పనే ఇది.

అనంతపురం వైపు ఏడాదికి సగటున వాన 550 మిల్లీమీటర్ల చిల్లర పడుతుంది. మిగతా రాష్ట్రంలో జులై అంటే ముసురు, మాకు జులై అంటే గాలి. ముంగారు, అంటే నైరుతి వాన ఆగి ఆగి పడి, సెప్టెంబరులోనే గట్టిగా కురుస్తుంది, ఆ వెనుకే హింగారు, అంటే ఈశాన్య వాన అక్టోబరులో కొంత ఇస్తుంది. అందుకే మా దగ్గర ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారం దాకా నాటడానికి మంచి అదను. అప్పటికి ఎండ తగ్గుతుంది, నేలలో పదును ఉంటుంది, వేసవి వచ్చేలోపు వేరు దిగడానికి ఐదారు నెలలు దొరుకుతాయి. ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అని రైతులు వలస కోసం అన్న మాట. మొక్కల గంప ఎత్తడానికీ ఆ కార్తెనే నమ్ముకున్నాను. తెలంగాణలో, వాన ముందే అందుకునే చోట్ల, జులైలోనే మొదలుపెట్టొచ్చు.

గొయ్యి ఎంత తీయాలి? ఏం వేయాలి?

చెట్టుకు రెండడుగుల లోతు గొయ్యి, రెండడుగుల వెడల్పు. పొదకు అడుగున్నర చాలు. ఎర్ర గరుసు నేలలో గడ్డపార వంగేంత గట్టి పొర తగులుతుంది. ముందు రోజు గొయ్యిలో నీళ్లు నింపి వదిలేస్తే మర్నాడు తవ్వకం సులువవుతుంది, నీళ్లు ఇంకుతున్నాయో లేదో కూడా తెలిసిపోతుంది. మర్నాటికీ నీళ్లు నిలిచే ఉంటే అడుగున్న గట్టి పొరను గునపంతో పొడవాలి, లేకపోతే చెట్టు తొట్టిలో పెట్టినట్టే.

పై మట్టి, అడుగు మట్టి వేరువేరుగా పోసుకుని, పూడ్చేటప్పుడు పై మట్టిని అడుగుకు వేయండి. బాగా మాగిన పశువుల ఎరువు మూడో వంతు కలిపితే చాలు. పచ్చి పేడ వేస్తే చెదలను పిలిచి భోజనం పెట్టినట్టే. చెదల బెడద ఉన్నచోట రెండు గుప్పెళ్లు వేప పిండి కలుపుతాను. కొత్త ఇళ్లలో ఇంకో తలనొప్పి ఉంటుంది: మేస్త్రీలు వదిలిపోయిన సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, సున్నం. అవి ఉన్న మట్టిలో ఆకులు పాలిపోతాయి. ఆ మట్టి తీసేసి చెరువు మట్టో, పొలం మట్టో తెచ్చుకోవాలి.

నాటాక పాదు మీద నాలుగంగుళాల మందాన చెత్త కప్పాలి. ఈ ఒక్క పని మొక్క తాగే నీళ్లను సగానికి సగం ఆదా చేస్తుందని నా అనుభవం. మాకు వేరుశనగ పొట్టు దొరికినంత సులువుగా ఇంకేదీ దొరకదు, అదే వాడతాం. వరి ప్రాంతం వాళ్లకు గడ్డి, కొబ్బరి ప్రాంతం వాళ్లకు పీచు. కాండానికి మాత్రం జానెడు దూరం వదలండి.

ఎక్కడ ఏం పెట్టాలి?

మొక్కల పేర్లు రాసుకునే ముందు మే నెలలో ఒక సాయంత్రం నాలుగు గంటలకు ఇంటి చుట్టూ తిరగండి. ఏ గోడ మీద చెయ్యి పెట్టలేకపోతున్నారో ఆ గోడకు ఎదురుగా మొదటి చెట్టు. దాదాపు ఎప్పుడూ అది పడమటి గోడే.

మా పడమట కానుగ ఉంది. దాన్ని మించిన నీడ ఈ సీమలో నాకు కనిపించలేదు. మాఘం, ఫాల్గుణంలో ఆకు రాల్చి, ఎండలు ముదిరేసరికి లేత పచ్చ ఆకు కప్పుకుంటుంది. మనకు నీడ కావాల్సిన నెలల్లోనే దానికి చిగురు. పూలు రాలి నేలంతా పేలాలు పోసినట్టుంటుంది, ఊడ్చే ఓపిక కావాలి. వేప మీకు తెలిసిందే, అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం కూడా. గోడకు కనీసం పదిహేను అడుగుల దూరం ఇవ్వలేకపోతే వేప పెట్టకండి. మర్రి, రావి ఇంటి స్థలంలో వద్దే వద్దు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఒక్క చెట్టే ఐదెకరాలు దాటి పరుచుకుంది. మీకున్నవి ఐదు సెంట్లు.

చిన్న స్థలానికి రేల మంచిది. మరీ పెద్దగా పెరగదు, ఏప్రిల్, మే నెలల్లో పసుపు గెలలు వేలాడదీస్తుంది. తినే చెట్టు కావాలంటే ఉసిరి, మునగ, కరివేపాకు. ఓపికున్న వాళ్లకు వెలగ. జమ్మి నాటితే తొందరపడకూడదు, మొదట్లో పైకి పెరిగేదానికన్నా కిందికి దిగేదే ఎక్కువ. తెలంగాణ దాన్ని రాష్ట్ర వృక్షంగా పెట్టుకుంది. దసరాకు ఆకు కోసం ఊరంతా మీ ఇంటికే వస్తారు, అదొక లాభమో నష్టమో మీరే తేల్చుకోండి.

పొదల్లో నా ఓటు తంగేడుకే. నడుమెత్తు, వానలు పడ్డాక నెలల తరబడి పసుపు పూలు, మేకలు నోరు పెట్టవు. బతుకమ్మలో మొదట పేర్చే పువ్వు, తెలంగాణ రాష్ట్ర పుష్పం. రోడ్డు పక్కన దుమ్ములో పెరుగుతుందని దానికి మర్యాద లేదు. అదే చెట్టు ఏ విదేశం నుంచో వచ్చి కుండీలో కూర్చుని ఉంటే ఐదొందలు పెట్టి కొనేవాళ్లం. నాలుగడుగుల ఎడంతో వరసగా పెట్టి, పూత అయిపోయాక పైన కత్తిరిస్తే గుబురుగా వస్తుంది.

కంచెకు వావిలి. కొమ్మ గుచ్చితే వచ్చేస్తుంది, మేకలు ముట్టవు. ఆకు ఆవిరి పట్టుకోవడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఎలాగూ అడుగుతారు. ముళ్లుండాలంటే వాక్కాయ, లేదా దాని అడవి చెల్లెలు కలివి. కడప జిల్లా లంకమల అడవుల్లో ఈ కలివి పొదల మధ్య తిరిగే పిట్టనే కలివి కోడి అంటారు. ప్రపంచం నుంచే అంతరించిపోయిందనుకున్నాక 1986లో అక్కడే మళ్లీ కనిపించింది. మన కంచెలోకి కలివి కోడి వస్తుందని కాదు, పికిలి పిట్టలు మాత్రం ఆ పండ్లకు కచ్చితంగా వస్తాయి.

నీడలో, గోడ వారన కనకాంబరం, అడ్డసరం, డిసెంబరాలు. కాస్త నీళ్లు పడే చోట, అంటే కుళాయి దగ్గర, నందివర్ధనం, పారిజాతం, మల్లె. వీటిని ఎండ నేల మొక్కలతో కలిపి పెట్టకండి. ఎక్కువ తాగేవన్నీ ఒక మూల, తక్కువ తాగేవన్నీ ఒక మూల ఉంటే మీ పైపు పని సగం తగ్గుతుంది. రాళ్ల మధ్య, ఏమీ రాని మూల నల్లేరు పెట్టండి. పచ్చడికి పనికొస్తుంది.

పచ్చిక వేసుకుంటే తప్పా?

తప్పు కాదు, ఖర్చు. మా రెండు సెంట్లు అంటే సుమారు 80 చదరపు మీటర్లు. ఎండాకాలం రోజుకు 5 మిల్లీమీటర్ల తడి ఆరిపోతుందనుకున్నా, ఆ పచ్చిక పచ్చగా ఉండాలంటే రోజుకు 400 లీటర్లు పొయ్యాలి. నెలకు 12,000. మా వీధిలో తాగునీటికే ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టే నెలల్లో గడ్డికి రెండున్నర ట్యాంకర్లు పోస్తూ నిలబడటం నాకు చేతకాలేదు.

పిల్లలు ఆడుకోవడానికే అయితే మన గరికనే పెరగనివ్వండి. వానకు పచ్చబడుతుంది, ఎండకు గోధుమ రంగుకు తిరుగుతుంది, మళ్లీ తొలి వానకు లేస్తుంది. చచ్చిపోయిందని పీకకండి.

డాబా మీద పడే వాన ఎంత? దాచుకోవాలా, ఇంకించాలా?

లెక్క సులువు. వంద చదరపు మీటర్ల డాబా మీద 550 మిల్లీమీటర్ల వాన అంటే 55,000 లీటర్లు. ఆవిరి, తొలి వాన కడుగు నీళ్లు పోను 40,000 పైచిలుకు చేతికొస్తాయి. ఈ నీళ్లన్నీ మన దగ్గర పైపులోంచి నేరుగా మురికి కాలవలోకి పోతున్నాయి, ఆ తర్వాత మనం బోరు వేస్తున్నాం.

అంత పెద్ద తొట్టి కట్టడం అందరివల్లా కాదు. అందుకే నేను ఇంకించడమే చేశాను. డాబా పైపు కింద నుంచి రేల చెట్టు దాకా అడుగు లోతు కాలవ తీసి, దాని చివర ఒక పళ్లెంలా గుంట చేసి అందులో గులకరాళ్లు వేశాను. మద్ది, నేరేడు లాంటి తడి కోరే చెట్టు ఒకటి ఇలాంటి గుంట పక్కన పెట్టుకుంటే మెట్ట నేలలోనూ బతుకుతుంది. పునాదికి పది అడుగుల లోపల ఈ గుంట తియ్యకండి. నల్లరేగడిలో ఇల్లు ఉన్నవాళ్లు ఇంకా దూరం పోవాలి, ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు బిగిసి గోడలను బీటలు వారుస్తుంది.

స్థలమంతా సిమెంటు పోసేసి, మధ్యలో చెట్టుకు జానెడు గుండ్రం వదిలే పద్ధతి ఇప్పుడు వీధి వీధికీ పాకింది. ఆ గుండ్రంలో చెట్టు బతికితే అది చెట్టు గొప్పతనమే.

స్నానాల నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు పొయ్యొచ్చా?

స్నానాల నీళ్లు చెట్లకు పొయ్యొచ్చు, ఆకుకూరలకు వద్దు. ఏ రోజువి ఆ రోజు వాడెయ్యాలి, నిల్వ ఉంచితే వాసనొస్తాయి. బట్టల సబ్బు నీళ్లలో ఉప్పు, సోడా ఎక్కువ కాబట్టి రెండో, మూడో జాడింపు నీళ్లయితే పర్వాలేదు. ఆర్‌ఓ మిషను వదిలేసే నీళ్లలో మన బోరు ఉప్పంతా చిక్కగా ఉంటుంది. నేల కడగడానికి పనికొస్తాయి, మొక్కకు వద్దు. బోరు నీళ్లే ఉప్పగా ఉండే చోట ఆకుల కొసలు కాలినట్టు కనిపిస్తాయి. అప్పుడు కొంచెం కొంచెం పొయ్యకుండా ఒక్కసారి బాగా తడపాలి. వాన పడితే ఆ ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది.

నర్సరీలో అడిగితే ఇవేవీ లేవంటున్నారు.

లేవనడం నయం. మొదటి ఏడాది ఒక నర్సరీలో ‘పక్కా మన మొక్క’ అని అమ్మింది రెండేళ్లకు గంటల్లాంటి పసుపు పూలు పూసింది. చూస్తే అమెరికా నుంచి వచ్చిన పచ్చగంటల చెట్టు. పేరు తెలియకపోతే ఆకు ఫొటో తీసుకుని ఇంటికొచ్చి చూసుకున్నాకే కొనండి.

అటవీ శాఖ నర్సరీల్లో కానుగ, వేప, రేల, ఉసిరి, నేరేడు తక్కువ ధరకే దొరుకుతాయి. వానలకు ముందే వెళ్లి అడిగి ఉంచుకోవాలి. మిగతావి గింజ నుంచి వేసుకోవడమే మేలు. వేప గింజ రాలిన రెండు వారాల్లోపు వెయ్యాలి, ఆ తర్వాత మొలక శక్తి పోతుంది. కానుగ గింజ వేస్తే చాలు మొలుస్తుంది. తంగేడు, రేల గింజలకు పెంకు గట్టి. నీళ్లు మరగకాచి దించి, కాస్త ఆగాక అందులో గింజలు వేసి తెల్లారేదాకా ఉంచి నాటండి. మొక్క కొనేటప్పుడు నిలువెత్తు ఉన్నదాన్ని కాదు, మోకాలెత్తు ఉన్నదాన్ని తీసుకోండి. పెద్ద మొక్క వేర్లు కవర్లో చుట్టలు చుట్టుకుపోయి ఉంటాయి. రెండేళ్లలో చిన్నదే దాన్ని దాటిపోతుంది.

ఎండాకాలం చెట్లన్నీ మోడుగా ఉన్నాయి. చచ్చిపోయాయా?

గోటితో కొమ్మ గీరి చూడండి. పచ్చగా కనిపిస్తే నిద్రపోతోంది.

ఏడాది పొడవునా ఒకే పచ్చదనం కావాలనుకునేవాళ్లకు ఈ తోట నచ్చదు. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత నన్ను తిడతారు. మన చెట్లు నీళ్లు లేని నెలల్లో ఆకు రాల్చి ఖర్చు తగ్గించుకుంటాయి. మోదుగ అయితే ఆకంతా రాల్చాకే నిప్పులు పూస్తుంది. ఫిబ్రవరిలో ఎండుటాకులు, ఉగాదికి వేప పూత, మేలో రేల, సెప్టెంబరులో తంగేడు, వానలు తగ్గాక డిసెంబరాలు. మా ఇంట్లో క్యాలెండరు చూడకుండానే నెల చెప్పొచ్చు. ఆ మధ్యలో దుమ్ము కొట్టుకుపోయిన నెలలు కొన్ని ఉంటాయి. చూడటానికి ఏదో ఒకటి పచ్చగా ఉండాలనుకుంటే కిటికీకి ఎదురుగా ఒక పొగడ పెట్టుకోండి, అది ఆకు విడవదు.

వేప కొమ్మల చివర్లు ఎండిపోతున్నాయి. కొట్టెయ్యాలా?

కొట్టకండి. 2021 చివర్లో తెలంగాణలోనూ మన దగ్గరా వేపలన్నీ కాలినట్టు మాడిపోయాయి, గుర్తుండే ఉంటుంది. అది శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు. టీ దోమ అనే రసం పీల్చే పురుగు తోడై ఇంకా ముదిరింది. వానల తర్వాత కనిపిస్తుంది, వేసవికి చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి. చిన్న చెట్టయితే ఎండిన కొమ్మలు పచ్చి భాగం దాకా కత్తిరించి కాల్చెయ్యండి. పెద్ద చెట్టును దాని మానాన వదిలెయ్యండి. పెరట్లో అన్నీ వేపలే పెట్టకుండా ఉండటానికి ఇదొక కారణం.

సర్కారు తుమ్మ కూడా ఎండకు తట్టుకుంటుంది కదా, అది మనది కాదా?

కాదు. 1877 ప్రాంతంలో వంటచెరకు కోసం బ్రిటిష్ అటవీ అధికారులు విత్తనాలు తెప్పించి మన కడప జిల్లా కమలాపురం వైపే మొదట చల్లారు. ఇక్కడి నుంచే పాకింది. బీడు, చెరువు, కాలవ గట్టు ఏదీ వదల్లేదు, దాని కింద ఇంకో మొక్కను లేవనివ్వదు. ఇంటి స్థలంలో ఉంటే కొట్టడం చాలదు, మొదలు తవ్వి తీయాలి. నరికితే పది కొమ్మలై లేస్తుంది.

కోనోకార్పస్ అనే చెట్టు గురించీ అడుగుతారు. గోడలా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, నిజమే. పైపుల్లోకి, పునాదుల్లోకి వేర్లు పోతాయని ఫిర్యాదులు ఎక్కువై గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. పిట్ట వాలని పచ్చదనం మీకెందుకు?

ఇన్ని పొదలుంటే పాములు రావా?

వస్తే ఎలుకల కోసం వస్తాయి, పూల కోసం రావు. కట్టెల మోపు, ఇటుకల కుప్ప, వేరుశనగ బస్తాలు ఇంటికి ఆనించి పెట్టకండి. గోడ చుట్టూ మూడడుగులు ఖాళీగా వదలండి, పొదల అడుగు కొమ్మలు మోకాలి దాకా తీసేసి నేల కనిపించేలా ఉంచండి. రాత్రి లైటు లేకుండా తిరగకండి. ఇన్నేళ్లలో మాకు రెండుసార్లు జెర్రిపోతు కనిపించింది. దాని దారిన అది పోయింది.

ఆకులన్నీ పురుగులు తింటున్నాయి. ఏ మందు కొట్టాలి?

ఏమీ కొట్టొద్దు. కరివేపాకు, మారేడు మీద పక్షి రెట్టలా కనిపించే పురుగు ఇంకో మూడు వారాల్లో పెద్ద సీతాకోకచిలుక అవుతుంది. రేల, తంగేడు జాతి ఆకులు తినేవి పసుపు, లేత ఆకుపచ్చ రెక్కలతో లేస్తాయి. జిల్లేడు మీది చారల పురుగుదీ అదే కథ. కొంత తిననివ్వండి. మిగతాది పిట్టలు చూసుకుంటాయి. మందు కొడితే పురుగుతో పాటు దాన్ని తినే పిట్టా పోతుంది. కరివేపాకు చిన్న మొక్కగా ఉన్నప్పుడు మాత్రం పురుగును చేత్తో తీసి పెద్ద మారేడు మీద వేస్తాను. మా ఆవిడ పోపు కోసం చేసుకున్న రాజీ అది.

ఎర్రచందనం, శ్రీగంధం పెడితే కోట్లు వస్తాయట?

ఎర్రచందనం అచ్చంగా మన శేషాచలం చెట్టు, ఇక్కడి రాళ్ల నేలలో బాగా బతుకుతుంది. నాటుకోవచ్చు. కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. పైగా ఆ దుంగలో ఎర్ర చేవ తేలడానికి దశాబ్దాలు పడుతుంది. శ్రీగంధం ఒంటరిగా బతకదు, పక్క మొక్కల వేర్లకు తన వేర్లు తగిలించి తిండి లాక్కుంటుంది. పక్కన కంది లాంటి తోడు పెట్టాలి. ఆకు, నీడ, ముచ్చట కోసం అయితే పెట్టండి. కోట్ల కోసం అయితే రాత్రిళ్లు కాపలా ఎవరు కాస్తారో ముందు ఆలోచించుకోండి.

వాస్తు ప్రకారం చెట్లు ఎటు ఉండాలి?

పెద్ద చెట్లు పడమర, దక్షిణం వైపు ఉండాలంటారు. మండే ఎండా అటు నుంచే వస్తుంది కాబట్టి నాకు ఇందులో గొడవేమీ లేదు. ముళ్ల చెట్టు ఇంటి ముందు ఉండకూడదంటే పెరట్లో పెట్టండి. అంతకు మించి నన్ను అడగొద్దు.

మేం అరిజోనాలో ఉంటాం. ఇక్కడా ఎండే, వేప పెట్టుకోవచ్చా?

మా మేనల్లుడు ఫీనిక్స్ నుంచి అడిగిన ప్రశ్న ఇది. అక్కడ ఏడాది వాన మాకు పడేదాంట్లో సగం కూడా ఉండదు. చలికాలం మంచు పడితే లేత వేప మాడిపోతుంది. ఎండ ఒకటే అయినా నేల వేరు. అక్కడి సొనోరా ఎడారికి సొంత చెట్లున్నాయి: కాండమే పచ్చగా ఉండే పాలో వెర్డే, ఎడారి విల్లో, ఆకొటియో. తమాషా ఏంటంటే మన సర్కారు తుమ్మకు దగ్గర చుట్టమైన మెస్కీట్ అక్కడ సొంతింటి చెట్టు, నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ఇక్కడ నేను గడ్డపారతో తవ్వి తీసే చెట్టు చుట్టాన్నే వాడు అక్కడ డబ్బులు పెట్టి కొని నాటాడు. ఫోన్లో ఫొటో చూసి చాలాసేపు నవ్వుకున్నాం. కరివేపాకు మాత్రం కుండీలో పెట్టి, చలికి లోపలికి మోస్తున్నాడు.

ఇవన్నీ పెడితే ముగ్గుకు చోటెక్కడ?

ఇది మా అమ్మ అడిగింది. అందుకే తోట ప్లాను గియ్యడం అక్కడి నుంచే మొదలుపెట్టాం. గేటు నుంచి గడప దాకా పన్నెండడుగుల వెడల్పు ఖాళీగా వదిలేశాం. సిమెంటు పోయకుండా కడప బండలు రెండంగుళాల సందులతో పరిచి, సందుల్లో ఇసుక నింపాం. కల్లాపి చల్లిన నీళ్లు ఆ సందుల్లోంచి పక్కనున్న తంగేడు పాదులోకి పోతాయి. సందుల్లో మొలిచిన విష్ణుక్రాంతాన్ని అమ్మ పీకనివ్వదు. చిన్న నీలం పువ్వు ముగ్గు మధ్యలో బాగుంటుందట.